రేకుగాదె మూత

కుప్పమ్మ ఇంటికి మళ్ళీ ఒక పడి బియ్యం బదులుకు పోవాల్సి వచ్చినప్పుడు ధనమ్మకు సిగ్గుకంటే మంట ఎక్కువైంది.

"ఏమ్మే ధనా, ఇంటి ముందర ఏనుగంత గాదె పెట్టుకోని నా దగ్గర బియ్యం అడగతా ఉండావే?" అంది కుప్పమ్మ. ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థంకాక.

"ఏనుగైతే బాగుండును అక్కా. అదన్నా అప్పుడప్పుడూ నోరు తెరుస్తాది" అంది ధనమ్మ, చాట ముందుకు చాపుతూ.

ఆ గాదె సంగతి ఆవణి నెలలో, వినాయకచవితి ముందర మొదలైంది. తిరువళ్ళూరులో వ్యవసాయం ఆఫీసువాళ్ళు రైతులకు మీటింగు పెట్టారు. లోపల ధాన్యం ఎట్లా ఉందో మూత తీయకుండానే తెలుసుకునే రేకుగాదె ఒకటి వచ్చిందని, ఎవరింట్లోనైనా పెట్టి పరీక్ష చేయాలని అన్నారు. వచ్చినవాళ్ళంతా తల వంచుకుని కూర్చుంటే ధనమ్మ మొగుడు సుదర్శనం చెయ్యెత్తాడు. బడిలో చదివినన్నాళ్ళూ ఒక్కసారీ ఎత్తని చెయ్యి అది.

కొద్దిరోజులకే తిరుత్తణి రోడ్డు మీదనుంచి లారీ ఒకటి వాళ్ళ పల్లెలోకి తిరిగింది. గాదె వాకిలి గుండా లోపలికి పట్టలేదు. ఇంటి ముందర రాళ్ళు పేర్చి ఆరుబయటే నిలబెట్టారు. జయరామ్ అనే కుర్ర ఆఫీసరు మూత నడుమ చిల్లిలోంచి లోపలికి నాలుగు తీగలు వదిలి, చిల్లి చుట్టూ మైనం పూశాడు. ఒక్కో తీగ ఒక్కో లోతులో ఆగింది. ప్రతి తీగ చివరా మిరియపు గింజంత ముడి. ఆ ముడి చుట్టూ ఉన్న వడ్లు వేడెక్కితే బయట చేతిపెట్టెలో ఆ తీగ ముల్లు కదులుతుంది. ధాన్యం చెడిపోయేముందు వేడెక్కుతుంది కాబట్టి, ముక్కుకు కంపు తగలకముందే మనకు తెలిసిపోతుంది. ఇదంతా జయరామ్ ఓపిగ్గా చెప్పాడు. ధనమ్మకు నచ్చింది కూడా.

తర్వాతి మాటే నచ్చలేదు. తై నెల, అంటే సంక్రాంతి దాకా మూత తీయకూడదట. తీస్తే పరీక్ష చెడిపోతుందట. పైగా గాదె గొంతుదాకా నిండాలట, లేకుంటే పైతీగ గాల్లో వేలాడుతుందట. అమ్మకానికి ఉంచిన, అప్పుడే కోసిన సొర్ణవారి పంట వడ్లన్నీ పోసినా గాదె కొంచెం వెలితి పడింది. ధనమ్మ చేలో మేకలకు ఆకు విరుచుకుని ఇంటికి వచ్చేసరికి, తిండికని వేరే పెట్టుకున్న మూటలు కూడా ఖాళీగోతాలై తిన్నె మీద మడతపెట్టి ఉన్నాయి.

"తినే వడ్లు కూడా పోసేసినావా మామా?"

సుదర్శనం ఆమెకు తల్లి తమ్ముడు. పెళ్ళికి ముందునుంచీ మామే, తర్వాతా మామే.

"పైతీగ గాల్లో ఉంటే ఎట్ల మే? సారు అంత చెప్పినాడు గదా!"

"మనమేం తినాల?"

ఆ సంగతి అతనికి అప్పుడే తట్టినట్టు మొహం పెట్టాడు.

ఆనాటినుంచీ అతను మొహం కడగకముందే పెట్టె చేతపట్టుకుని ముల్లు చూసేవాడు. పొద్దుగూకేముందు మళ్ళీ చూసేవాడు. దారిన పోయేవాళ్ళను పిలిచి చూపించేవాడు. అతని తల్లి అలిమేలమ్మ తిన్నె మీద వక్క నములుతూ, "నీకు జొరమొచ్చినప్పుడు నేను కూడా ఇన్నిసార్లు చెయ్యి పెట్టి చూడలేదురా" అనేది. ధనమ్మకు నవ్వు వచ్చేది కాదు. వండడానికి బియ్యం వెతుక్కునేది తను.

ఐప్పసి నెలలో, దీపావళి ముందర వాన పట్టుకుంది. విడవకుండా కురిసింది. ఒక పొద్దున సుదర్శనం పెట్టె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పైతీగ ముల్లు ఎక్కింది మే."

"ఎక్కితే?"

"కింద మూడూ కదల్లేదు. పైది మాత్రం ఎక్కింది. ఏమైందో!"

మర్నాడు ఇంకొంచెం ఎక్కింది. ఆ మర్నాడు ఇంకొంచెం. సుదర్శనం గొడుగు వేసుకుని తిరువళ్ళూరు పోయాడు. జయరామ్ పూండి వైపు క్యాంపుకు పోయాడన్నారు. మళ్ళీ పోయాడు. ఈసారి దొరికాడు. సాయంత్రం సుదర్శనం తడిసి ముద్దయి, జేబులోంచి కాగితంలో చుట్టిన బేటరీలు తీశాడు.

"బేటరీ అయిపోతే ముల్లు తప్పు చూపిస్తాదంట. ఇవి మార్చి చూడమన్నాడు."

మార్చారు. ముల్లు దిగలేదు. మర్నాటికి ఇంకొంచెం ఎక్కింది.

"మూత తీద్దాం మామా."

"తీయకూడదు."

"ముల్లు అబద్ధం చెప్తా ఉండాదా?"

"ఛ! అది అబద్ధమెందుకు చెప్తాది? లోపల వేడెక్కింది, ఖాయం."

ధనమ్మ గరిటె కింద పెట్టింది. "లోపల ఏమైందో చెప్పేదానికే గదా ఈ తీగలు పెట్టింది? చెప్పింది. చెప్పినాక ఏం చేయాల?"

"సారుకు చెప్పాల."

"సారుకు చెప్పినావు. సారు ఏం చేసినాడు?"

"బేటరీలు ఇచ్చినాడు" అన్నాడు సుదర్శనం చిన్నగా.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది ఆమెకు. తన తలో, అతని తలో తేల్చుకోలేక, పొయ్యి మీది కూర అలిమేలమ్మకు అప్పగించి, చీర మార్చుకుని తిరుత్తణిలో రైలెక్కింది.

తిరువళ్ళూరు ఆఫీసులో జయరామ్ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు. టీ తెప్పిస్తానన్నాడు. మంచి పిల్లోడే, అదే ఆమెకు ఇంకా చిరాకు తెప్పించింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి రావచ్చు.

"నాకూ తెరవాలనే ఉండాదమ్మా" అన్నాడు. "కానీ ఇది పైఆఫీసు పరీక్ష. వాళ్ళు ఉత్తరువు ఇయ్యకుండా నేను తెరవమంటే, పరీక్ష చెడగొట్టినానంటారు. వెంగల్‌లో గాదె కూడా ఇట్లానే వేడెక్కింది. రెండిటికీ కలిపి రాసినాను. జవాబు రాలేదు."

"వడ్లు నీ జవాబు కోసరం ఆగతాయా నాయనా?"

అతను ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టాడు.

"ఇంటికి పోతానే మూత తీస్తాను. నువ్వు తీయమన్నావని ఎవురితోనూ చెప్పను. నువ్వు వొద్దన్నా తీస్తాను."

జయరామ్ ఆమెతోబాటు లేచాడు. గుమ్మందాకా వచ్చి, "పైపైన తీసి ఊరుకోకండమ్మా. తీగ పొడుగునా లోపలికి చెయ్యి పెట్టి చూడండి" అని మాత్రం అన్నాడు.

ఆమె ఇల్లు చేరేసరికి వాన తెరిపి ఇచ్చింది. నిచ్చెన తెచ్చి గాదెకు ఆనించింది. సుదర్శనం అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"మాట ఇచ్చినాను మే."

"నువ్వు ఇచ్చినావు. నేనియ్యలేదు. జరుగు."

అతను జరగలేదు. కానీ ఆమె రెండో మెట్టు మీద కాలు పెట్టగానే నిచ్చెన ఊగింది, అతని చేతులు వాటంతట అవే నిచ్చెన పట్టుకున్నాయి. ఆమె దిగిందాకా వదల్లేదు.

మూత ఎత్తగానే ఆవిరి మొహానికి కొట్టింది. తీగలు దిగిన చిల్లి చుట్టూ పూసిన మైనం వానకు ముందరి ఎండలకు పగిలి, ఆ సందులోంచి వాననీళ్ళు తీగల వెంబడి లోపలికి కారాయి. నడుమ వడ్లు గడ్డకట్టి, మొలకలెత్తి, పులిసిన పిండిలా కంపు కొడుతున్నాయి. చెయ్యి పెడితే అప్పుడే దించిన అన్నంలో పెట్టినట్టు కాలింది. ఆమె మోచేతిదాకా తోసి చూసింది. ఇంకా కిందికి పోతే వడ్లు చల్లగా, గలగలమంటూ తగిలాయి.

"కింద బాగుండాయి!" అని అరిచింది. ఆ రోజు ఆమె గొంతులో కోపం లేని మాట అదొక్కటే.

గడ్డకట్టినవి దిబ్బలో పారేశారు. వెచ్చబడినవి తట్టలతో ఇంట్లోకి మోసి నేలంతా పరిచారు. గది, నడవ, మంచం కింద, దేవుడి పటాల ముందు, అంతా వడ్లే. అలిమేలమ్మ కాలు పెట్టే చోటు లేక తిన్నె మీదే కూర్చుంది. ఒళ్ళంతా దురదలతో ధనమ్మ వడ్లు కలబెడుతుంటే సుదర్శనం పక్కన కూర్చున్నాడు.

"చూసినావా మే? ముల్లు ఎంత కరెక్టుగా చెప్పిందో!" అన్నాడు, పిల్లాడికి ఫస్టు క్లాసు వచ్చినట్టు.

ధనమ్మ చేతిలోని వడ్లు అతని నెత్తిన పోసింది. అతను దులుపుకోకుండానే కలబెట్టడం మొదలుపెట్టాడు.

జయరామ్ మర్నాడు వచ్చాడు. పగిలిన మైనాన్ని గోటితో గీకి చూశాడు. తర్వాత, "వెంగల్‌లో కూడా తెరిపిస్తాను. ఉత్తరువు వస్తే రానీ, లేకుంటే పోనీ" అన్నాడు. పోయేముందు గాదె, తీగలు వెనక్కి తీసుకుపోవాలా అని అడిగాడు. సుదర్శనం భార్య మొహం చూశాడు.

"ఉండనీ" అంది ధనమ్మ. "తీగల తప్పేముండాది? చిల్లి మాత్రం తారుతో పూయించు. తినే వడ్లు నేను బయట పెట్టుకుంటాను, పైతీగ గాల్లో ఏలాడినా సరే. ముల్లు ఎక్కితే ముందు మూత తీస్తాను, తర్వాత నీకు చెప్తాను."

"పైవాళ్ళను అడిగి చెప్తానమ్మా."

ధనమ్మ లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. వెచ్చబడిన వడ్లను ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం ఆడించారు. ఆ అన్నంలో కొంచెం ముక్కిన వాసన ఉండేది. సుదర్శనం కిక్కురుమనకుండా తిన్నాడు. కుప్పమ్మకు మాత్రం ధనమ్మ ఆ బియ్యం ఇవ్వలేదు. గాదె అడుగునుంచి మంచివి తీసి ఆడించి బదులు తీర్చింది. పైవాళ్ళు ఏమన్నారో జయరామ్ చెప్పనూ లేదు, ఆమె అడగనూ లేదు.