మ్యుటేషన్ రాకూడదని

పెరట్లో కూతురు జాయిస్ ఫోన్లో అంటున్న మాట ప్రేమదాసు చెవిన పడింది. "మ్యుటేషన్ వస్తే చాలండి. రెండూ కలిపి వెంటనే మొదలుపెట్టేద్దాం."

నందిగామ తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన రైతుకి మ్యుటేషన్ అంటే ఒకటే అర్థం, పొలం ఒకరి పేరు మీంచి ఇంకొకరి పేరు మీదికి మారడం. మెట్ట మీద ఎకరం, చెరువు కింద అరెకరం, రెండూ భార్య రత్నమణి పేరునే ఉన్నాయి. ఆవిడ బతికుండగా అవి మారాల్సిన పనేముంది? ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా ముదిరాక బయటపడిందని విజయవాడలో చెప్పి నెల కూడా కాలేదు. ఇక లాభం లేదని జాయిస్‌కి చెప్పేసి ఉంటారు. తన దగ్గర దాస్తున్నారు.

జగ్గయ్యపేట బడిలో పాఠాలు చెప్పే పిల్ల, తల్లి దగ్గితే చాలు ముఖం పాలిపోయే పిల్ల, పొలానికి ఆశపడుతుందా? అడిగితే అవునంటుందేమోనని భయం. అందుకని పైవాడికే మొరపెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే చర్చిలో మోకరించి, "ప్రభువా, ఆ మ్యుటేషన్ రానివ్వొద్దు," అని ఏడ్చాడు. చాలదన్నట్టు ఆదివారం నాడు సంగతేమిటో చెప్పకుండానే సంఘమంతటి చేతా ఆమేన్ అనిపించాడు. ఇంత పకడ్బందీగా ప్రార్థన చేసినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు.

మర్నాడు జాయిస్, "మ్యుటేషన్ సంగతి ఇయ్యాళ తేలిపోద్ది నాన్నా," అంది.

ఇక ఆగలేకపోయాడు. "మీ అమ్మ కళ్ళముందు కూర్చునుండగానే పొలం మార్పించుకుంటారా అమ్మా?"

జాయిస్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తండ్రి పక్కన కూర్చుంది. "పొలం కాదు నాన్నా. అమ్మ గడ్డలోంచి ముక్క తీసి హైదరాబాదు పంపారు గదా. అందులో జీను మారిందేమో చూస్తారు. దాన్నీ మ్యుటేషనే అంటారు. అదుంటే రెండు రకాల బిళ్ళలు కలిపి ఇస్తారు. ఒకటి గడ్డ పెరక్కుండా ఆపుద్ది, రెండోది అది ఇంకో దారి వెతుక్కోకుండా చూసుద్ది. పూర్తిగా పోదు, కానీ అణిగుంటది."

"అది లేకపోతే?"

"ఆ బిళ్ళలు పనిచెయ్యవు. కీమో ఇంజెక్షన్లకి అమ్మ తట్టుకోలేదంటన్నారు డాక్టరు గారు."

దేవుడు వింటాడన్న నమ్మకం జీవితంలో మొదటిసారి ప్రేమదాసుని భయపెట్టింది. సంఘమంతా కలిసి చెప్పిన ఆమేన్‌ని ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎలా? కొత్తగా ప్రార్థిద్దామంటే, ఏమడిగితే ఏమవుతుందోనని పెదవులు బిగబట్టుకుని కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. జాయిస్ ఊ కొడుతూ చాలాసేపు విన్నది. "ఉందంట నాన్నా. రేపే రమ్మంటున్నారు."

ప్రేమదాసు భార్య మంచం పట్టెమీద తల పెట్టి భోరున ఏడ్చాడు.

"ఏందయ్యా, మందుందంటే ఏడుస్తావేంది?" అంది రత్నమణి, దగ్గు ఆపుకుంటూ.

"నేనడిగింది దేవుడు ఇవ్వలేదే రత్నం," అన్నాడతను, ఆమె చెయ్యి వదలకుండా.