ఒకే చేతి గులాబీలు

టైలరుకి అబద్ధమాడటం చేతకాదు. అయినా ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే ఒకటి ఆడేవాడు. "అలా పార్కుదాకా వెళ్ళొస్తా" అనేవాడు, భార్య మొహం చూడకుండా చెప్పులు వెతుక్కుంటూ. ధారగా వాన కురుస్తుంటే కూడా అదే మాట. ఆ వానలో పార్కులో కూర్చునే పిచ్చివాడెవడూ ఉండడని ఆయనకు తట్టేది కాదు. ఆవిడకు తట్టేది, కానీ అడిగేది కాదు. ఈ వయసులో మొగుడు ఎటు పోతే మాత్రం ఏం కొంప మునుగుతుందిలే, సాయంత్రానికి ఆకలేసి తనే వస్తాడు అనుకునేది.

ఆయన వెళ్ళేది కళ్ళజోళ్ళ షాపు మీదున్న మేడగదికి. అక్కడ పింగాణీ సేకరించేవాళ్ళ క్లబ్బు ఉంది. క్లబ్బంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. గోడ పొడుగునా అద్దాల బీరువాలు, నడుమ మెత్తటి గుడ్డ పరిచిన బల్ల, ఒక కాలు పొట్టిగా ఉండే కుర్చీలు, పింగాణీ చుట్టిపెట్టడానికి ఒక పెద్ద దూది కట్ట. అంతే. సభ్యులంతా తలపండినవాళ్ళు. ఒకాయన టీ కెటిల్స్ తప్ప మరేమీ కొనడు. అందరూ ఆయన్ని కెటిల్ గారూ అంటారు, ఆయన నిక్షేపంగా పలుకుతాడు. సెక్రటరీ ఒక పళ్ళ డాక్టరమ్మ. రిటైరైంది గానీ అలవాటు పోలేదు, కప్పు ఏదైనా చేతికిస్తే ముందు అంచు వెంబడి చూపుడు వేలు పోనిచ్చి ఎక్కడ విరిగిందా అని చూస్తుంది. ఒక్కో సభ్యుడికి బీరువాలో ఒక్కో అర ఇచ్చారు. టైలరు అరలో ఉన్నవన్నీ గులాబీలే.

పింగాణీ గులాబీలు. అరచేతిలో ఇమిడే బుట్టల్లో కొన్ని, డబ్బీ మూతల మీద కొన్ని, కొవ్వొత్తి స్టాండ్ల చుట్టూ కొన్ని. అచ్చులో పోసినవి కావు. రేకు రేకూ చేత్తో చేసి, ఒకదాని మీద ఒకటి అతికించి, బట్టీలో కాల్చినవి. అన్నీ ఒకే ఫ్యాక్టరీవి. అది మూతపడి చాలా కాలమైంది. ఆ ఫ్యాక్టరీలో పూలగది అని ఒకటుండేది. టైలరు భార్య పెళ్ళికి ముందు నుంచీ ఆ గదిలోనే పనిచేసింది.

అదీ అసలు సంగతి. ఆయన తిరుగుతున్నది పింగాణీ మీద మోజుతో కాదు, పెళ్ళాం మీద ప్రేమతో. ఆ మాట పైకి చెప్పమంటే మాత్రం చచ్చినా చెప్పడు.

ఫ్యాక్టరీ మూసేసిన రోజున ఆవిడ ఇంటికొచ్చి తన పనిముట్లన్నీ చెత్తబుట్టలో పడేసింది. పెద్ద పనిముట్లేం కాదు. ఒక సూది, ఆకుల మీద ఈనెలు గీసే దువ్వెన ముక్క, అరచేతికి రాసుకునే నూనె సీసా. "ఇక ఈ ఇంట్లో పూల మాట ఎత్తొద్దు" అంది. ఆవిడ ఒక మాట అందంటే అన్నట్టే. ఆయన ఎత్తలేదు. కానీ అన్నేళ్ళు ఆవిడ కళ్ళు పాడుచేసుకుని చేసిన పూలన్నీ ఎవరెవరి ఇళ్ళలోనో దుమ్ముకొట్టుకుపోతున్నాయనీ, తమ ఇంట్లో మచ్చుకి ఒక్కటి కూడా లేదనే బాధ ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ పూల మీద చేసినవాళ్ళ పేరుండదు. అడుగున ఫ్యాక్టరీ ముద్ర మాత్రమే ఉంటుంది.

ఒకరోజు బొత్తాల కోసం పాత సామాన్ల షాపుకి వెళ్తే, అక్కడ ఆ ముద్రతో ఒక గులాబీ బుట్ట కనిపించింది. "గులాబీ బుట్టలన్నీ మా బల్ల మీదే అవుతాయి" అని కొత్త కాపురంలో ఆవిడ గొప్పగా చెప్పుకోవడం గుర్తొచ్చి, ఆయనకు గుండె ఝల్లుమంది. బొత్తాలు మర్చిపోయి బుట్ట తెచ్చుకున్నాడు. ఇంటికి తెస్తే ఇంకేమన్నా ఉందా! తన దుకాణంలో గుడ్డపీలికల కింద దాచాడు. ఆ తర్వాత క్లబ్బు సంగతి తెలిసింది.

ఇక అక్కణ్ణుంచి ఆ బుట్టకి జోడీలు వెతకడమే పని. టైలరు కన్నంటే మాటలు కాదు. కుట్టు చూసి కుట్టిందెవరో చెప్పేయగలడు. రేకు అంచు ఎంత పల్చన, ఎక్కడ వెనక్కి తిరిగింది, ఏ రేకు మీదకి ఏ రేకు ఎక్కింది, అన్నీ చొక్కా పట్టీ చూసినట్టు చూసేవాడు. ఆయన బుట్టలో గులాబీల రేకులు కుడి నుంచి ఎడమకి చుట్టుకున్నాయి. అదే మడత, అదే చెయ్యి అనిపిస్తే ఎంత దూరమైనా వెళ్ళి తెచ్చేవాడు. అదే ముద్రతో ఎదురు మడత వేసినవి కూడా అప్పుడప్పుడూ కనబడేవి. అవి చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి, 'ఇది ఇంకెవరిదో' అనుకుని మళ్ళీ అక్కడే పెట్టేసేవాడు. ఏళ్ళ తరబడి అలా ఒక్కొక్కటీ ఏరి తెచ్చి అర నింపాడు.

ఏడాదికోసారి క్లబ్బు తలుపులు అందరికీ తీస్తుంది. ఈసారి డాక్టరమ్మ, "టైలరు గారూ, మీ అర మధ్యలో పెడదాం. ఎవరు చేశారో కార్డు రాయండి" అంది. ఆయన రాశాడు. 'ఈ పూలన్నీ చేసింది నా భార్య.' ఆ ఒక్క వాక్యం రాయడానికి కోటు కుట్టినంత సేపు పట్టింది. రాశాక భయం పట్టుకుంది. ఆవిడ చూడకపోతే ఆ కార్డు దండగ. చూసి కోపంతో వెనక్కి తిరిగి వెళ్ళిపోతే, ఇన్నేళ్ళూ పడ్డ పాటంతా దండగ.

"రేపు నువ్వూ రాకూడదూ పార్కుకి?" అన్నాడు శనివారం రాత్రి భోజనాల దగ్గర, పళ్ళెంలోకి చూస్తూ.

"ఏ పార్కు? చెట్లకి దూది కాస్తుందే, ఆ పార్కా?"

ఆయనకు ముద్ద గొంతులో అడ్డుపడింది.

"ప్రతి ఆదివారం మీ జేబులో దూది ఉంటుంది" అంది ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ఇటు జరుపుతూ. "ఉతికేది నేనేగా. వస్తాలెండి. నేనూ చూస్తాను ఆ దూది చెట్లేవో."

మర్నాడు ఇద్దరూ కళ్ళజోళ్ళ షాపు పక్కన మెట్లెక్కారు. గదినిండా జనం. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ బీరువాలు, ఆ తెల్లటి మెరుపు చూడగానే ఎక్కడికొచ్చిందో ఆవిడకు తెలిసిపోయింది. మొగుడి వంక ఒక్క చూపు చూసింది. ఆ చూపులో కోపమూ లేదు, సంతోషమూ లేదు, ఆయనకేమీ అంతుపట్టలేదు. వెనక్కి తిరగలేదు, అదే పదివేలు అనుకున్నాడు.

అర దగ్గరికి తీసుకెళ్ళాడు. "చూడు" అన్నాడు. ఇంకేదో చాలా చెప్పాలని రాత్రంతా అనుకున్నాడు గానీ, ఆ ఒక్క మాటే బయటికొచ్చింది.

ఆవిడ కార్డు చదివింది. బుట్టల వంక చూసింది. ముట్టుకోవాలంటే చేతికి గుడ్డ తొడుగు వేసుకోవాలని అక్కడ నియమం. ఆవిడ వట్టి చేత్తోనే ఒక గులాబీ డబ్బీ మూత తీసేసుకుంది. కెటిల్ గారు అయ్యయ్యో అని ముందుకు రాబోతే డాక్టరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. టైలరు భార్య మూతని వెలుగుకి తిప్పి, రేకు వెనక భాగం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. అక్కడ తన బొటనవేలు ఆనించింది. అలాగే నిలబడిపోయింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

టైలరు పొంగిపోయాడు. పాపం, పొంగిపోయాడు. ఇన్నేళ్ళకి ఆవిడ చేతిపని ఆవిడ చేతిలో పెట్టగలిగానని, ఆ గదిలో తనంత అదృష్టవంతుడు లేడని అనుకున్నాడు.

"అమ్మా, ఇవి ఎలా చేస్తారో మాకు రెండు ముక్కలు చెప్పరూ" అంది డాక్టరమ్మ. జనం చుట్టూ చేరారు. ఆవిడ మూత జాగ్రత్తగా అరలో పెట్టి, కళ్ళు తుడుచుకుంది.

"చెప్పడానికేముందండీ. మట్టిలో కాస్త బంక కలిపి తడిగుడ్డ కింద పెడతారు. అరచేతికి నూనె రాసుకుని, ఇంత ఉండ గిల్లి, బొటనవేలితో నొక్కుతారు. అంతే, రేకు. అరచేతి మీద నొక్కుతారు కాబట్టి చేతి గీతలు రేకు వెనకాల పడతాయి. కాల్చినా పోవు. ముందు మొగ్గ చుట్టాలి. ఆ తర్వాత ఒక రేకు, దాని అంచు మీదకి ఇంకో రేకు..."

చెబుతూ చెబుతూ, చేతుల్లో ఏమీ లేకపోయినా చేసి చూపిస్తోంది. జనమంతా ఆవిడ మొహం చూస్తున్నారు. టైలరు మాత్రం చేతులు చూశాడు, అలవాటు కొద్దీ. కుడిచేతిలో మొగ్గ పట్టుకున్నట్టు పట్టుకుని, ఎడమచేత్తో రేకులు పెడుతోంది. ఎడమ నుంచి కుడికి.

ఆవిడది పుర్రచెయ్యి. గరిటె తిప్పినా, తాళం వేసినా ఎడమచెయ్యే. ఆవిడ కోసం ఎడమచేతి కత్తెర ఊరంతా గాలించి కొన్నది ఆయనే. కలిసి బతికినన్నాళ్ళూ రోజూ చూస్తున్న ఆ చెయ్యి, గులాబీల దగ్గర మాత్రం ఆయనకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. అరలో ఉన్నవాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆవిడది కాదు. ఆ ఎదురు మడతవే ఆవిడవి. చేతికి దొరికాయి, దొరికినవి దొరికినట్టే వదిలేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చేతులు లేవలేదు. తేలు కుట్టిన దొంగలా మెల్లగా బయటికి జారుకుని మెట్ల మలుపులో గోడకి ఆనుకున్నాడు. కాసేపటికి ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"గదిలోకి రాగానే తెలిసిందా నీకు?"

"దూరం నుంచే తెలిసింది."

"అందరి ముందూ నా పరువు కాపాడావు."

"అబద్ధమేం చెప్పలేదు. నేను చేశానని ఎక్కడన్నా అన్నానా?" అంది. తర్వాత మెల్లగా, "అయినా ఎలా ఏరారండీ? ఒక్కటి తప్పు లేదు. అన్నీ దాని చేతివే" అంది.

"ఎవరి చేతివి?"

"పిచ్చుకవి. నా పక్కన కూర్చునేది. ఇంతే ఉండేది మనిషి, పొద్దున బల్ల దగ్గర కూర్చుంటే సాయంత్రం దాకా నోరు మూసేది కాదు. అందుకని పిచ్చుక అనేవాళ్ళం. అన్నేళ్ళు భుజానికి భుజం తగిలేలా కూర్చున్నాం. అది కుడి నుంచి చుట్టేది, నేను ఎడమ నుంచి, మధ్యలో ఒకటే తడిగుడ్డ." ఆవిడ గొంతు సవరించుకుంది. "ఇన్నేళ్ళూ మీరు దాని వెంట పడ్డారన్నమాట. తెలిస్తే ఎంత మురిసిపోయేదో!"

ఆయనకు నవ్వు రాలేదు. "ఇప్పుడు ఎక్కడుంది?"

"ఫ్యాక్టరీ మూసే ముందు చలికాలంలో పోయింది. జ్వరం. నా అన్నవాళ్ళెవరూ లేరు. దాని సామానంతా ఇంటివాళ్ళు రోడ్డు మీద పెట్టేశారు."

"నాతో చెప్పనే లేదే!"

"చెప్పాను. మీరు మిషను మీద ఉన్నారు. నా పక్కావిడ పోయిందండీ అన్నాను. మీరు అయ్యో అని, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టారు." అందులో నిష్ఠూరం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఆ తర్వాత ఆ బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చోవడం నా వల్ల కాలేదు. పనిముట్లు పడేసింది ఫ్యాక్టరీ మూసినందుకు కాదు. దానికి గుర్తుగా నా దగ్గర ఏమీ లేదు. ఇవాళ రేకు వెనక దాని అరచెయ్యి కనిపించింది. నాకు అది చాలండీ. నిజంగా చాలు."

టైలరుకి కళ్ళు మసకబారాయి. ఆ మాటకి సంతోషించాలో, ఆ రోజు మిషను ఆపనందుకు ఏడవాలో తెలియలేదు. రెండూ అయ్యాయి. జేబులోంచి దూది తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"కార్డు మార్చి రాయండి" అంది ఆవిడ. "పిచ్చుక అనే రాయండి. అసలు పేరుతో పిలిస్తే అదే పలికేది కాదు."

లోపలికెళ్ళి రాశాడు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. 'ఈ పూలన్నీ చేసింది పిచ్చుక. నా భార్యకి ప్రాణస్నేహితురాలు.' డాక్టరమ్మ చదివి, ఏమిటి సంగతి అన్నట్టు ఇద్దరి వంకా చూసింది. ఏమనుకుందో ఏమో, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కార్డుని నిలువుగా సర్ది పెట్టింది.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆయన ఉండబట్టలేక అన్నాడు. "నీవి చేతిలోకి తీసుకుని మరీ వదిలేశానే! రేపటి నుంచి మళ్ళీ అన్ని షాపులూ తిరుగుతాను. ఎన్ని దొరికితే అన్ని తెస్తాను."

ఆవిడ నడక ఆపింది. "ఏళ్ళ తరబడి ఊళ్ళన్నీ తిరిగారు. నాతో అబద్ధాలాడారు. చేసే మనిషి ఇంట్లోనే ఉందిగా. ఒక్కటి చేసిపెట్టవే అని ఒక్కసారైనా అడిగారా?"

"అడిగితే కోప్పడతావని..."

"కోప్పడేదాన్నే. కోప్పడి, చేసిపెట్టేదాన్ని."

రోడ్డు మీద జనం ఇద్దర్నీ తప్పుకుంటూ పోతున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా టైలరు ఇంత భయపడలేదు.

"నాకొక గులాబీ చేసిపెడతావా?" అన్నాడు.

"ఇప్పుడా అడిగేది!" ఆవిడ అంతెత్తున లేచింది. "కళ్ళు కనబడక, వేళ్ళు వంగక, ఈ వయసులోనా? మట్టి ఎక్కడ దొరుకుతుంది? బట్టీ ఎవరిస్తారు, మీ కెటిల్ గారా? దువ్వెన ముక్క కూడా లేదు, అన్నీ పారేశాను. నూనె అంటే ఏ నూనె పడితే ఆ నూనె కాదు, తెలుసా మీకు?"

వీధి మలుపు దాటినా ఆపలేదు. ఆయన ఒక్క మాటకీ ఎదురు చెప్పకుండా, ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుని, అన్ని తిట్లూ శ్రద్ధగా వింటూ నడిచాడు.