హీరోకు ఆఖర్న పెట్టాను

"అనుపమా, జర మనోనికి అన్నం పెట్టు, నేను ఫోన్ మాట్లాడొస్త" అన్నాడు గోవర్ధన్.

నేనప్పుడు పొయ్యి దగ్గరే ఉన్నాను. ఒక పక్క పప్పు ఉడుకుతోంది, ఇంకో పక్క పెనం మీద రొట్టె ఉంది. మనోడంటే మా కొడుకనుకునేరు. కాదు. మనోడు హాల్లో టీవీలో ఉంటాడు. భుజాల దాకా జుట్టు, వీపున బారెడు కత్తి, ఒంటి మీద ఇనుప చొక్కా. రాక్షసులున్న ఏదో రాజ్యంలో కొండలూ గుట్టలూ పట్టుకు తిరుగుతుంటాడు. వాణ్ణి తిప్పేది మా ఆయన, వండిపెట్టేది నేను.

ఈ వీడియో గేములో ఒక చిత్రం ఉంది. హీరోకు ఆకలేస్తుంది. కట్టెలేరాలి, ఆకులు కోయాలి, కుందేలు దొరికితే కుందేలు, లేకపోతే దుంపలు, మంట వేసి కుండ పెట్టాలి. సంచిలో ఒక్క దుంప ఎక్కువైనా బరువుకు అడుగు తీసి అడుగు వేయలేడు. పది దెబ్బలు కొడితే కత్తి మొద్దుబారుతుంది, సానపెట్టాలి. గుర్రానికి గడ్డి వేయాలి. వాడి వెంట తిరిగే ఐదుగురివీ వేరే వేరే కడుపులు. రాక్షసుల్ని చంపుదామని ముచ్చటపడి కొనుక్కున్న మా ఆయన మొదటి వారమే తల పట్టుకున్నాడు. "గిది ఆటనా, సంసారమా?" అన్నాడు. అని, ఆట ఆడించే కంట్రోలర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీకు అలవాటే గదా!"

అట్లా ఆ రాజ్యంలో కూడా నా వంటిల్లు తెరుచుకుంది. యుద్ధాలు ఆయనవి, అంట్లు నావి. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు సరదాగానే ఉండేది. దుంపల పులుసు దించగానే టీవీలో గంట గణగణా మోగి, వంటలో పనితనం పెరిగిందని బంగారు అక్షరాలు వచ్చేవి. మొదటిసారి గంట మోగినప్పుడు కాలింగ్ బెల్ అనుకుని తలుపు తీయడానికి లేచాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్ళు, ఎన్ని పులుసులు పెట్టానో, ఎన్నడూ ఏ గంటా మోగలేదు. మా అత్తమ్మ రేణుకమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించి, "ఉప్పు జర చూసుకోవాలె బిడ్డా" అంటుంది. మా ఆయన అది కూడా అనడు, ఎందుకంటే ఆయన తినేటప్పుడు డ్రైవర్లతో మాట్లాడుతుంటాడు. విమానాశ్రయానికి కార్లు కిరాయికి తిప్పే పని ఆయనది. ఏ కారు ఎక్కడుందో ఆయనకు ఎప్పుడూ తెలుసు, కంచంలో ఏముందో తెలియదు.

పెళ్ళికి ముందు నేనూ ఆ విమానాశ్రయంలోనే పనిచేశాను. లోపల దారి చెప్పే డెస్కు దగ్గర నీలం కోటు వేసుకుని నిలబడేదాన్ని. సామాను ఎక్కడొస్తుంది, గేటు ఎటు, పసిపిల్లకు పాలు పట్టడానికి గది ఉందా, ఇవే ప్రశ్నలు రోజంతా. కాళ్ళు పీకేవి, కానీ ప్రతివాళ్ళూ థాంక్స్ చెప్పి పోయేవాళ్ళు. పెళ్ళయ్యాక, "కోడలుండంగ ముసల్దాన్ని నేను పొయ్యి కాడ నిలబడాల్నా?" అని అత్తమ్మ అడిగింది. అడిగిందంతే, మానేయమనలేదు. మా ఆయన కూడా మానేయమనలేదు. "నీ ఇష్టం" అని, పక్కనే "అమ్మకు మోకాళ్ళ నొప్పులు" అన్నాడు. అట్లా నా ఇష్టంతోనే మానేశాను.

మొన్న గురువారం ప్రేమలత ఫోన్ చేసింది. అప్పుడు నా పక్కన నిలబడిన పిల్ల ఇప్పుడు ఆ డెస్కుకు పెద్ద. ఒక ఉద్యోగం ఖాళీ అయిందట, పొద్దున ఏడు నుంచి మూడు దాకా షిఫ్టు, సోమవారం చేరాలి. "నీ పేరు చెప్పిన అనుపమా, ఆదివారం సాయంత్రం లోపల చెప్పు, లేకుంటే వేరేటోళ్ళను తీస్కుంటరు" అంది. మా ఆయనతో చెప్పాను. "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో ఒక సంగతి గురించి చూద్దాం అన్నారంటే ఇక దానివైపు ఎవరూ చూడరు. శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది. నేను వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, ఆ డెస్కు దగ్గర గేట్లు ఏ వైపునుంచి మొదలవుతాయో మనసులో అప్పజెప్పుకుంటూ ఉన్నాను. మర్చిపోయానేమోనని భయం. మర్చిపోలేదు.

ఆదివారం వచ్చింది. మటన్ తెచ్చారు. మధ్యాహ్నం ఆయన తిన్నాడు, అత్తమ్మ తిన్నది, సరిగ్గా అప్పుడే లెక్కలు చెప్పడానికి వచ్చిన ఇద్దరు డ్రైవర్లను కూడా కూర్చోబెట్టాడు. నా దాకా వచ్చేసరికి గిన్నెలో ముక్కల్లేని షోర్వా మిగిలింది. అది కలుపుకుని రెండు ముద్దలు తిని లేచాను. అదేమీ కొత్త కాదు కాబట్టి దాని గురించి అనుకోను కూడా లేదు.

మూడింటికి గేములో పెద్ద యుద్ధం. మంచుకొండ మీద ఏడు తలల రాక్షసుడు, వాడి కోసం నెల రోజులుగా జట్టంతా కాచుకుని ఉంది. బాలాపూర్ నుంచి రాఘవేందర్, హిమాయత్ సాగర్ నుంచి జీవన్, ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని మైకుల్లో మాట్లాడుకుంటూ ఆడతారు. అంతలో ఎవరో డ్రైవర్ ఫోన్, సాతంరాయి దగ్గర కారు ఆగిపోయిందని. "అనుపమా, అందరికి తినిపించి తయారుగ ఉంచు, ఒక్క నిమిషంల వస్త" అని ఆయన బయటికి పోయాడు.

నేను వండాను. కుండలో ఐదు గిన్నెల పులుసు అయింది. తినేవాళ్ళు ఆరుగురు. ముందు గడ్డం మంత్రగాడికి పెట్టాను, పెద్దాయన కదా. తర్వాత బాణాలాయనకు, తర్వాత రాఘవేందర్, జీవన్ ఆడించే కత్తుల అన్నదమ్ములిద్దరికీ, తర్వాత మందులిచ్చే పిల్లకు. కుండ ఖాళీ. హీరో ఒక్కడే మిగిలాడు, కడుపు గుర్తు ఎర్రగా వెలుగుతోంది. నాకు ఏమాత్రం తప్పనిపించలేదు. వాగులో కాసిని నీళ్ళు తాగించి, గుర్రానికి గడ్డి వేసి, ఆయన తిరిగి రాగానే కంట్రోలర్ ఆయన చేతికిచ్చి, చాయ్ పెట్టడానికి పోయాను.

చాయ్ పొంగకముందే హాల్లోంచి కేక. గిన్నె చేత్తోనే వచ్చి చూశాను. మనోడు రాక్షసుడి ముందు కత్తి ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే తూలి, వెల్లకిలా పడ్డాడట. రాక్షసుడు ఇంకా వాడి మీద చెయ్యి కూడా వేయలేదు. హీరో పోయేసరికి వెనక ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే కూలారు. టీవీలో చీకటి.

"అన్నా, గట్ల పడిపోయిండేంది?" అన్నాడు జీవన్, మైకులో.

"ఆకలికి సచ్చిండే! మూడు దినాల సంది తిండి లేనట్టుంది" అని రాఘవేందర్ పడీ పడీ నవ్వుతున్నాడు.

గోవర్ధన్ నా వైపు తిరిగాడు. "ఐదుగురికి పెట్టినవు. మనోనికే పెట్టలే! హీరోకు పెట్టకుండ ఎవరన్న ఊరందరికి పెడతరా?"

"కుండల అయిపోయింది" అన్నాను.

"అయిపోతది గద మరి! ముందుగాల మనోనికి పెట్టుకోవాల్నా, గా గడ్డమాయనకు పెట్టాల్నా?"

దివాను మీద కూర్చుని ఈ గేమును రోజూ సీరియల్ చూసినట్టు చూసే అత్తమ్మకు ఇది నచ్చలేదు. "గదేంది కొడుకా? పెద్దమనిషిని పెట్టుకోని ముందుగాల తాను తింటదా? వడ్డించేటోళ్ళు ఆఖర్ల తినాలె, లేకుంటె నీళ్ళు తాగి లేవాలె. నేనే నేర్పిన. పిల్ల మంచిగనే చేసింది."

"అమ్మా, గది ఇంట్ల! గిది ఆట. కంట్రోలర్ ఎవరి చేతుల ఉంటదో వాడే హీరో. ముందుగాల తన కడుపు చూసుకోవాలె. తను లేకుంటె అసలు ఆటనే లేదు, ఇగ మందికి తినిపించి ఏం లాభం?"

నేను చాయ్ గిన్నె పట్టకారుతో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. కంట్రోలర్ ఎవరి చేతుల్లో ఉందప్పుడు? నా చేతుల్లోనే కదా. అంటే ఆ కాసేపు ఆ ఇనుప చొక్కా మనిషిని నేనే. నేనే నాకు పెట్టుకోలేదు. పైగా తెలియను కూడా తెలియలేదు! ఇంట్లో అంటే అత్తమ్మ ఉంది, మొగుడున్నాడు, వచ్చేపోయేవాళ్ళున్నారు, ఏమనుకుంటారోనని ఒక భయం. అక్కడ ఎవరున్నారు? గడ్డం మంత్రగాడు ఏమన్నా అనుకుంటాడా? ఆయనకు ప్రాణమే లేదు. ప్రాణం లేనివాళ్ళకు కూడా ముందు వడ్డించి, ఎర్రగా వెలుగుతున్న నా కడుపును నేనే చూసి, దానికి నీళ్ళు పోసి ఊరుకోబెట్టాను. నాకు నా మీద చాలా కోపం వచ్చింది. ఎంత కోపమంటే ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది.

ఆయన అప్పటికే మైకులో దంచేస్తున్నాడు. ఏయే పనులు వద్దో చెప్పమని గేము తయారుచేసినవాళ్ళు ఆటగాళ్ళను అడుగుతున్నారట. "ఆకలి తీసెయ్యమందాం తమ్మీ. బరువులు తీసెయ్యమందాం. రోజు లేస్తే గదే పని! చేస్తే ఎవ్వడు చూడడు, ఒక్క దినం చెయ్యకుంటె మాత్రం అందరు మీద పడతరు. ఇంత చాకిరి పెడితే ఎవడుంటడు? మనిషన్నోడు పారిపోతడు!"

"నిజమే అన్నా, ఒక్క మనిషి మీద గంత బరువా? అన్యాయం" అన్నాడు రాఘవేందర్.

"పాపం" అంది అత్తమ్మ కూడా. ఎవరి గురించో ఆమెకే తెలియాలి.

జీవన్ అడిగాడు. "వండేది వదిన గదా అన్నా. వదిన ఏమంటది?"

"ఆమె అనేదేముంది, తీసేస్తే ఆమెకే ఆరాం" అన్నాడు మా ఆయన.

నేను మైకు దగ్గరికి వంగాను. "ఆటలకెల్లి తియ్యొద్దు జీవన్. గక్కడ వండితే గంటన్న మోగుతది."

జీవన్ నవ్వాడు. మా ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేక నా ముఖం చూశాడు. సరిగ్గా అప్పుడు నా ఫోన్ మోగింది. ప్రేమలత. మా ఆయన ఫోన్లో ఆ పేరు చూసి, తర్వాత మాట్లాడమని చేత్తో సైగ చేశాడు. ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది, అబద్ధమెందుకు. నాలుగేళ్ళుగా ఆ సైగకు ఆగిన చెయ్యి అది. చాయ్ గిన్నె బల్ల మీద పెట్టి ఫోన్ ఎత్తాను.

"ప్రేమా, రేపు పొద్దుగాల ఏడింటికి వస్తున్న. నా సైజు కోటు ఒకటి తీసి పెట్టు."

ఫోన్ పెట్టేశాను. మైకులో బాలాపూర్, హిమాయత్ సాగర్ కూడా వింటున్నాయి.

"నన్ను అడగవా?" అన్నాడు గోవర్ధన్. గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది.

"గురువారం అడిగిన. చూద్దాం అన్నవు. నువ్వు చూడలేదు, నేను చూసిన."

ఆయన అత్తమ్మ వైపు చూశాడు. అత్తమ్మ మోకాళ్ళు పట్టుకోలేదు. నన్నే చూస్తోంది, ఇంతకాలం పొయ్యి దగ్గర ఎవరున్నారో ఇప్పుడే కనిపించినట్టు.

"మరి మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతరు?" అన్నాడాయన.

"ఎవరికి ఆకలైతే వాళ్ళు" అన్నాను.