ఊరగాయ జాడీ మీది రాయి

ఆదివారం పొద్దున ఆరింటికి నాందేడ్ బస్టాండులో మాహూర్ బస్సెక్కడం లింగమూర్తికి నెల రోజులుగా అలవాటైంది. కండక్టరు వచ్చి "కితీ?" అని ఎన్ని టికెట్లో అడుగుతాడు. లింగమూర్తి నోటికి "దోన్" అని వచ్చేస్తుంది. వెంటనే నాలుక కరుచుకుని, రెండు కాదు, ఒకటే అంటాడు. భార్య ఇందుబాయి పోయి ఏడాది దాటినా, ఆ సంగతి నోటికి ఇంకా ఎక్కలేదు.

రైల్వే ఆఫీసులో గుమాస్తా పని, రెండు గదుల క్వార్టరు, పిల్లల్లేరు. ఆరు రోజులు ఫైళ్లతో ఎట్లాగో గడుస్తాయి, ఆదివారమే గడవదు. జేబులో రుమాలు, అందులో ఆరు ఆకుపచ్చ గాజులు. ఆస్పత్రిలో ఇందుబాయి చేతులు ఉబ్బినప్పుడు తీసినవి. మాహూర్ వైపు వాగు పైన నీళ్లు దూకే చోట వాటిని వదలమని చెప్పి పోయింది. దసరా దాటితే అక్కడ నీళ్లుండవు. దసరాకి ఇక నాలుగు రోజులే ఉన్నాయి.

చిక్కంతా దారితోనే. రోడ్డు పక్క ఉమాబాయి చాయ్ హోటల్ వెనక నుంచి, రెండు గుట్టల మధ్య వాగు వెంట పోతుందది. ఇద్దరు పోతే గంట. ఒక్కరే పోతే నాలుగు గంటలు. ఎందుకని ఎవరూ అడగరు. వానలకు వాగు పొంగుతుందంటే ఎందుకని అడుగుతామా? చాయ్ పోస్తూనే ఉమాబాయి ఎంతమందని అడిగి, ఎన్నింటికి చేరతారో చెప్పేస్తుంది. నాలుగింటికి చివరి బస్సు. మూడు ఆదివారాలూ లింగమూర్తి సగం దారిలోనే వెనక్కి తిరిగాడు.

ఆ తెలుగు, మరాఠీ సరిహద్దు ఊళ్ల జనం ముగ్గురు కలిసి బయల్దేరరు, పని చెడుతుందంటారు. తప్పనిసరైతే ఒక రాయిని ఏరుకుని నాలుగో మనిషి కింద లెక్కేసుకుంటారు, చేరిన చోట వదిలేస్తారు. ఆ మర్యాద గుర్తొచ్చి, కిందటి వారం లింగమూర్తి రోడ్డు మీద రాయొకటి జేబులో వేసుకున్నాడు. దారి జానెడు కూడా తగ్గలేదు.

తిరిగొచ్చి ఆ సంగతి చెబితే ఉమాబాయి నవ్వలేదు. "ఏ రాయి పడితే ఆ రాయి తోడైతదా అన్నా? మీరంటే ఎరుకున్నది గావాలె" అంది.

ఆ రాత్రి అన్నంలోకి ఊరగాయ తీస్తుంటే జాడీ మూత మీద నల్లటి గుండ్రాయి చేతికి తగిలింది. ఇరవై ఏళ్ల కింద తామిద్దరూ, ఇందుబాయి తమ్ముడు కైలాశ్ ఆ జలపాతానికే పోయారు. ముగ్గురయ్యారని ఇందుబాయే ఈ రాయి ఏరింది. అక్కడ వదలడం మరిచి, సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. "నాలుగో మనిషిని ఇంటికి తోలుకొచ్చినవా" అని ఆయన వెక్కిరిస్తే, మూతి ముడుచుకుని జాడీ మీద బరువుగా పెట్టింది.

ఈ ఆదివారం ఆ రాయి జేబులో ఉంది. తడి బండల మీద పీతలు పక్కకు జరుగుతున్నాయి. టేకాకుల మీద నుంచి చుక్కలు రాలుతున్నాయి. లింగమూర్తి ఆఫీసు సంగతులు చెప్పుకుంటూ నడిచాడు. ఏడాదిగా ఎవరితోనూ అన్ని మాటలు ఆడలేదు. గంటకల్లా నీళ్ల హోరు వినిపించింది.

కానీ గుండం ఒడ్డున కూర్చున్నాక రుమాలు ముడి విప్పబుద్ధి కాలేదు. వదిలేస్తే, వచ్చే ఆదివారం ఎక్కడికి పోవాలి? అట్లాగే ఒంటిగంట దాటింది.

అప్పుడొచ్చింది, చెప్పులు చేతబట్టుకుని, చెమటతో తడిసిన ఒకావిడ. పేరు వత్సల, కర్ఖేలి ఊరి మనిషి. బడిలో చదువు చెప్పేది. ఏటా నలభై మంది పిల్లల్ని ఇక్కడికి తెచ్చేదట, పది నిమిషాల్లో చేరేవారట. పిల్లలు తగ్గి బడి మూతపడింది. ఈసారి ఒక్కతే వచ్చింది. ఉమాబాయి వద్దన్నా వినలేదు.

"ఇగ బస్సు అందదు నాకు. మీరు పోయేటప్పుడు నేను గూడ వస్త, సార్" అంది.

లింగమూర్తి జేబులోంచి రాయి తీసి చూపించాడు. "ముగ్గురం అయితం బాయి."

ఆమె అర్థం కానట్టు చూడలేదు, సరిహద్దు మనిషే కదా. కాసేపు ఆ రాయిని, ఆ రుమాలును చూసి మెల్లగా అంది: "ఇంకో రాయి ఏరుకుంటే నలుగురమైతం. దాన్ని ఇడువకుండ్రి."

లింగమూర్తికి ఒప్పుకోవాలనే ఉంది. ఇంటికి తీసుకుపోవచ్చు, జాడీ మీద పెట్టుకోవచ్చు, ప్రతి ఆదివారం జేబులో వేసుకు రావచ్చు.

"వద్దు బాయి" అన్నాడు చివరికి. "ఇరవై ఏండ్ల కిందనే ఇక్కడ ఇడవాల్సింది. ఆమె మర్శిపోయింది."

గాజులు ఒక్కొక్కటే నీళ్లలో వదిలాడు. రాయిని గుండం ఒడ్డున, జల్లు పడే చోట పెట్టాడు. వెనక్కి తిరిగేటప్పుడు ఏడ్చాడు. వత్సల చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు తీసుకుంది.

ఆయన చెయ్యి రెండు మూడుసార్లు ఖాళీ జేబులోకి పోయింది. అయినా దారి గంటలోనే అయిపోయింది. ఉమాబాయి ఎంతమందని అడగకుండానే రెండు చాయ్‌లు పోసింది.

బస్సులో వత్సల ముందు సీట్లో కూర్చుంది. కండక్టరు వచ్చి "కితీ?" అన్నాడు.

"దోన్" అన్నాడు లింగమూర్తి. ఈసారి దిద్దుకోలేదు.