నీలం కట్టిన గేదె

జైపూర్‌లో రాళ్ల పరీక్ష నేర్చుకుని ఖమ్మంలో బోర్డు పెట్టినవాణ్ణి, ఒక గేదెకు నగ చేయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఎనభై ఏడులో, సత్తుపల్లి దగ్గరి రైతు చెంచురామయ్య గారింట్లో ఆ ముచ్చటా తీరింది.

ఆయన రెండు కళ్లకూ శుక్లాలు. సత్తుపల్లి బడిలో కంటి శిబిరం పెట్టారు. "ఏలినాటి శనిలో కంటికి కత్తా? నీలం ఉంటేనే వస్తా" అని మంచమెక్కి కూర్చున్నాడు. నీలం పడకపోతే కొంప ముంచుతుందంటారు. అందుకే ఉంగరంలో పొదిగే ముందు కొన్నాళ్లు ఒంటికి కట్టుకుని చూస్తారు. ఈయనకు ఆ ధైర్యమూ లేక, భార్య తెచ్చిచ్చిన రాయిని గేదె మెడకు కట్టించాడు. అప్పటిదాకా తన్నే గేదె బుద్ధిగా పాలిచ్చింది.

"దానికి పడిందయ్యా. ఇక రాయి దానిదే. విప్పితే నాకు చెడుపు" అన్నాడు, వేలి కొలతకు వెళ్లిన నాతో.

భూతద్దం పెట్టి చూశాను. లోపల బుడగలు. శుద్ధ గాజు! ఒళ్లు మండి నోరు తెరిచేలోగా ఆయన భార్య నిర్మలాదేవి వంటింటి వైపు లాక్కెళ్లింది.

"నేనే సంతలో కొన్నా. నిజం నీలమంటే నాకు భయం. చెప్పబాకయ్యా, రేపటితో శిబిరం ఎత్తేస్తారు. ఈయనకు కళ్లు రావాలి" అని చేతులు పట్టుకుంది. జాలేసింది. నా చదువు గంగలో కలిసింది.

"రాయి గేదెదే. దాని నగకే విప్పితే చెడుపు లేదు. పలుపు మీ చేతిలో ఉంటే దాని బలం మీకూ పాకుతుంది" అన్నాను బయటికొచ్చి ఆయనతో, గంభీరంగా. ఆ పూటే రాయిని వెండి బిళ్లలో పొదిగి గేదె మెడలో వేశాను.

మర్నాడు చెంచురామయ్య బల్ల మీద, గేదె కిటికీ బయట, మధ్యలో పలుపు. "ఇది బడా, బందెలదొడ్డా?" అని డాక్టరు అరిచాడు. వరుసలో ఉన్న ముసలాళ్లు మాత్రం తలా కాస్త పలుపు పట్టుకున్నారు.

కొన్నాళ్లకు, కోసిన కంటికి కట్టు విప్పగానే ఆయన భార్యను చూశాడు.

"ఇంత చిక్కిపోయినవేందే?"

ఆమె ఏడ్చేసింది.

తర్వాత ఆయన గేదె దగ్గరికి వెళ్లాడు. బిళ్ల పైకెత్తి, ఎండకు పెట్టి చూసి, నన్ను సైగతో పిలిచాడు.

"గాజు గదయ్యా ఇది!"

నేను నిర్మలాదేవి వైపు చూశాను.

"మా ఆవిడతో అనబాక" అన్నాడు చెవిలో. "ఇంకో కంటి ఆపరేషన్ ఉంది. గాజని తెలిస్తే భయపడి నన్ను పంపదు, పిచ్చిది."