నాలుగు మీటర్లు తక్కువ

టేపు ఒక చివర పట్టుకుని గ్రౌండ్‌మన్ అవతలి గీత మీద గొంతుక్కూర్చున్నాడు. ఫెడరేషన్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ ఇవతలి గీత దగ్గర వంగి అంకె చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"అరవై. అరవై నాలుగుండాలి సెక్రటరీ గారూ."

"తెలుసు మేడమ్," అన్నాడు లీగు సెక్రటరీ.

తెలియకేం. ఆ నాలుగు మీటర్ల కోసమే మూడేళ్లుగా ఫెడరేషన్ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. రెండో డివిజన్ ఫుట్‌బాల్ లీగుకి గుర్తింపు ఏటేటా తెచ్చుకోవాలి. అందుకు ఎనిమిది క్లబ్బులుండాలి, ఎనిమిదింటికీ కొలతకు సరిపోయే మైదానాలుండాలి. ఏడు గట్టెక్కాయి. ఎనిమిదోది ఇది, అతను పద్నాలుగేళ్లు ఎడమ అంచు కాపు కాస్తూ లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన సొంత క్లబ్బుది. పాత సెక్రటరీ దిగిపోతూ ఫైల్లో ఒక వాక్యం రాసి వెళ్లాడు: "పడమటి గోడ కారణంగా మైదానం వెడల్పు పెంచడం సాధ్యం కాదు." ఇతను మూడేళ్లూ ఆ వాక్యాన్నే ఎత్తి రాసి మినహాయింపు అడిగాడు. మూడుసార్లూ ఇచ్చారు. నాలుగోసారి ఇవ్వడానికి నిబంధన లేదు.

"ఏడు క్లబ్బులే ఉంటే?" అనడిగాడు, జవాబు తెలిసే.

"ప్రొఫెషనల్ లీగు కాదు. ఆదివారం ఆట."

ఆమె ఎకసెక్కానికి అనలేదు. ఈ వారంలో ఇది ఆమెకి పదకొండో మైదానం.

గుర్తింపు పోతే నూట తొంభై మంది ఆటగాళ్ల కాంట్రాక్టులు రద్దవుతాయి. ఆ కబురు తనే చెప్పాలి. సెక్రటరీ గీత పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు. పొద్దున బయల్దేరేటప్పుడు భార్య అంది: "ఇవాళ కూడా తేలకపోతే ఆ ఫైలు అక్కడే పారేసి రండి. మూడేళ్లుగా మనిద్దరి మధ్యా అదే పడుకుంటోంది."

గ్రౌండ్‌మన్ టేపు చుట్టుకుంటూ వచ్చాడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, క్లబ్బులో అందరికీ బాబాయ్. సెక్రటరీని ఇప్పటికీ కెప్టెన్ అనే పిలుస్తాడు.

"ఏం కెప్టెన్, మొహం అలా వేలాడేశావ్?"

"నాలుగు మీటర్లు తక్కువ బాబాయ్. గోడ జరగదు కదా."

"గోడెందుకు జరగడం? గీత జరిపితే పోలా?"

"వేళాకోళాలకి ఓపిక లేదు."

"వేళాకోళమేంటి, పాత గీతలు అక్కడేగా ఉండేవి!" గోడ ముందు వరసగా నిలబెట్టిన ప్రకటనల బోర్డుల వైపు చెయ్యి చూపించాడు. "రెండు పక్కలా రెండేసి మీటర్లు లోపలికి తెచ్చింది నేనేగా."

సెక్రటరీ లేచి నిలబడ్డాడు. "ఎప్పుడు?"

"తొమ్మిదేళ్లవుతోంది."

"ఎందుకు?"

బాబాయ్ టేపు చుట్టడం ఆపాడు. ఇన్‌స్పెక్టరమ్మ వైపు చూశాడు, గడ్డి వైపు చూశాడు.

"కోచ్ చెప్పాడు. అప్పటికే నీ మోకాలు పోయింది గదయ్యా. అవతలి జట్టు వింగర్లు గీత వెంట నీ పక్కనించి బాణాల్లా పోతున్నారు. నిన్ను తీసేస్తే జట్టు ఊరుకోదు. 'మైదానం ఇరుకు చెయ్యి బాబాయ్, వాడు పరిగెత్తే దూరం తగ్గుతుంది' అన్నాడు. సగం ఆటయ్యాక వైపులు మారతాయిగా, అందుకని రెండు పక్కలా జరిపాను. గోల్‌పోస్టులు కదపక్కర్లేకపోయింది. మీరంతా సెలవుల మీదున్నారు. వచ్చేసరికి బోర్డులు కూడా ముందుకి జరిపేశా, ఎవడికీ తెలీలేదు."

"నేను మానేసి ఏడేళ్లయింది!"

"అయింది. కోచూ వెళ్లిపోయాడు. మళ్లీ వెనక్కి జరపమని నాకెవడు చెప్పాడు? ఉన్న గీత మీదే గీస్తూ వచ్చా."

"మూడేళ్లు గోడ, గోడ అని రాస్తూ చచ్చాను బాబాయ్!"

"ఆఫీసుకి రాశావు. నన్నడిగావా?"

ఆఖరి రెండు సీజన్లలో తనని దాటి ఒక్క వింగర్ కూడా పోలేదని సెక్రటరీ కూతురికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. కాళ్లలో పరుగు తగ్గినా ఎక్కడ నిలబడాలో తెలిసిందని చెప్పేవాడు. బాబాయ్ గీసిన గీత సంగతి ఆ కథలో ఎప్పుడూ లేదు.

ఇన్‌స్పెక్టరమ్మ గడియారం చూసుకుంది. "ఒంటిగంటయింది. నా బస్సు నాలుగున్నరకి. గీత ఎక్కడుంటే అక్కడే కొలుస్తాను. ఎప్పుడు గీశారని అడిగే గడి ఈ ఫారంలో లేదు. పాత గీత మాత్రం కనపడకూడదు. కొత్త గీతకీ గోడకీ మధ్య మూడు మీటర్లుండాలి." క్యారేజీ తీసుకుని స్టాండ్ మెట్ల మీదికి వెళ్లి, అటు తిరిగి కూర్చుంది.

బాబాయ్ మేకులు, తాడు తెచ్చాడు. సెక్రటరీ చొక్కా చేతులు మడిచి బోర్డులు ఒక్కొక్కటే గోడకి ఆనించాడు. వాటి కింది గడ్డి పాలిపోయి ఉంది. తాడు వెంట బాబాయ్ గీతల బండి తోశాడు. నడిమి గీతనూ గోల్ గీతలనూ పొడిగించి, నాలుగు మూలలా కొత్త వంపులు గీశాడు. పాత గీతల మీద ఆకుపచ్చ రంగు కొట్టే పని సెక్రటరీకి పడింది. వంద మీటర్లు ఒక పక్క, వంద మీటర్లు ఇంకో పక్క, వంగి. రెండో పక్క సగానికొచ్చేసరికి ఎడమ మోకాలు మొరాయించింది.

"మైదానం పెద్దదైంది కెప్టెన్, చూసుకో," అన్నాడు బాబాయ్ బండి ఆపకుండా.

"నోరు ముయ్యి బాబాయ్."

పావు తక్కువ నాలుగింటికి మళ్లీ టేపు పరిచారు.

"అరవై నాలుగు. మీద రెండు సెంటీమీటర్లు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. గోడ దగ్గర కూడా కొలిచింది. మూడు మీటర్ల పది సెంటీమీటర్లు. ఫారంలో టిక్కు పెట్టి, పేజీ తిప్పి, అతనికి అందించింది. "కిందటేటి కొలత మారితే కారణం మీరే రాయాలి. అది రాస్తేనే గుర్తింపుకి సిఫారసు వెళ్తుంది. పాత ఫారాల్లో గోడ అని ఉంది."

"గోడ జరిగిందని రాసెయ్," అన్నాడు బాబాయ్.

సెక్రటరీ ఫారాన్ని బెంచీ మీద పెట్టుకున్నాడు. వేళ్లకున్న ఆకుపచ్చ రంగు కాగితం అంచుకి అంటుకుంది. రాశాడు: "గోడ అడ్డు లేదు. జట్టు లెఫ్ట్ బ్యాక్ మోకాలు దెబ్బతిన్నందున తొమ్మిదేళ్ల కిందట గీతలు లోపలికి జరిపారు. ఆ ఆటగాడు ఇప్పుడు ఆడడం లేదు."

ఇన్‌స్పెక్టరమ్మ చదివింది.

"ఆటగాడి పేరు కూడా రాయాలా మేడమ్?"

ఆమె అతని మోకాలి వైపు చూసింది.

"అక్కర్లేదు. కింద సంతకం చేయండి చాలు."

చేశాడు.