బెంచీ మీద గంటసేపు

కృపామణి తిరుపతిలో డిగ్రీ పిల్లలకు అమెరికా చరిత్ర చెబుతుంది. పన్నెండేళ్లుగా చెబుతోంది, బాగా చెబుతుందని పేరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి జనం ఒకే రకం ఇళ్లు కట్టుకుని, గుంపులో గోవిందా అన్నట్టు నోరెత్తకుండా బతికారని, తర్వాత ఒకరోజు నలుగురు నల్లజాతి కుర్రాళ్లు తమకు కాఫీ పోయని హోటల్లో కూర్చుని, లేవమన్నా లేవలేదని చెప్పేటప్పుడు ఆమె గొంతు పెరుగుతుంది. ఈ ఏడు లోహిత అనే పిల్ల లేచి, "మీ ఊళ్లో అట్లాంటిది లేదా మేడమ్?" అని అడిగేసింది. కృపామణి మాట సిలబస్ మీదికి మళ్లించింది. చెప్పేవి శ్రీరంగనీతులు అని తనను తానే తిట్టుకుంటూ ఇంటికి నడిచింది.

లేకేం? ఐరాల దగ్గర వాళ్ల ఊళ్లో ధనంజయ టీ అంగడి ఉంది. అక్కడ ఊరివాళ్లకు గాజు గ్లాసు, మాలపల్లె వాళ్లకు పేపరు కప్పు. వెనకటి కొబ్బరిచిప్ప కంటే కాగితం కాస్త మర్యాదగా కనిపిస్తుంది, అంతే తేడా. ఆమె నాయన చెంగయ్య రోజూ పొద్దున్నే పోయి, బెంచీ పక్కన బండ మీద కూర్చుని ఆ కప్పుతోనే తాగుతాడు. భార్య పోయాక ఆయన లోకమంతా అక్కడి మాటలే. వాన, మామిడికాయ ధర, ఎవరి ఆవు ఈనింది.

ఆ ఆదివారం కృపామణి ఊరికొచ్చి, నేరుగా అంగడికి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

"రెండు టీలు. గాజు గ్లాసుల్లో. నాకొకటి, మా నాయనకొకటి."

"గ్లాసులు కడగలేదు పాపా. కప్పయితే శుభ్రంగా ఉంటాది," అన్నాడు ధనంజయ నవ్వుతూ.

"కడుగు. నాకేం తొందర లేదు."

గంటసేపు కూర్చుంది. బెంచీ మీది మగవాళ్లు ఒక్కొక్కరే లేచి పోయారు. బండ మీద నుంచి చెంగయ్య, "లెయ్ పాపా, ఇంటికి పోదాం రా," అని రెండుసార్లు బతిమాలాడు. చివరికి ధనంజయ రెండు గ్లాసులు ఠక్కున పెట్టాడు. చెంగయ్య గ్లాసు అందుకుని తలెత్తకుండా గబగబా తాగేశాడు. ఆమెకు అది ఆనందంలా కనబడింది. ఆ పూట ఆమె ఎంత గుడ్డిదైపోయిందో! సాయంత్రం బస్సెక్కి తిరుపతి చేరేదాకా గాల్లో తేలుతూనే ఉంది.

నెల తర్వాత ఇంకో ఆదివారం వచ్చేసరికి, చెంగయ్య ఇంట్లోనే పొయ్యి ముందు నీళ్లలాంటి టీ కాచుకుంటున్నాడు.

"అంగడికి పోలేదా నాయనా? గ్లాసు ఇయ్యనన్నాడా?"

"ఇస్తా ఉండాడు. దానికి ఎర్రరంగు సుక్క పెట్టి, నాకని ఏరుగా పెట్టినాడు. నేను పోయి కూర్సుంటే అందరూ లేసి పోతా ఉండారు. గ్లాసు పట్టుకోని ఒక్కణ్ణే ఎవరితో మాట్లాడేది పాపా?"

ఆమెకు ఒళ్లు మండింది. "కేసు పెడతా."

"పెట్టు. కోర్టు గ్లాసైతే ఇప్పిస్తాది. మాటలు ఇప్పిస్తాదా?" పొయ్యిలోకి పుల్ల ఎగదోశాడు. "నువ్వు సేసింది తప్పనను. యాభై ఏండ్లు నేను అడగలేంది నువ్వు అడిగినావు. కానీ సాయంత్రానికి బస్సెక్కినావు. తెల్లారి ఆడికి పోవాల్సినోణ్ణి నేను గదా. నన్నొక మాట అడక్కపోతివే."

కృపామణికి దుఃఖం ఆగలేదు. ఆయన పక్కన నేల మీదే కూలబడింది.

"రేపు పోదాం నాయనా. ఇద్దరం పోయి కూర్చుందాం. ఎల్లుండి కూడా."

చెంగయ్య ఆమె తల నిమిరాడు. "రేపు సోమవారం గదా పాపా. నీకు కాలేజీ ఉండాది."

నిజమే. మొదటి పీరియడ్ ఆమెదే.